గడ్డికి గాలి, పెల్లెట్లకు మూత

ప్రశ్న

కోనసీమలో కాలవగట్టున ఉన్న ఒక ఊరి నుంచి ఒక గృహిణి రాసిన పెద్ద ఉత్తరమిది. కుదించి ఇస్తున్నాం.

వీళ్లింట్లో ఏడాదిన్నర వయసున్న కుందేలు ఉంది. బరువు రెండు కిలోలు. ఐదో తరగతి చదివే కొడుకు ముచ్చటపడితే తెచ్చారు. భర్త రొయ్యల చెరువుల పని మీద రాత్రిళ్లు కూడా బయటే ఉంటారు కాబట్టి దాని ఆలనాపాలనా ఈమెదే. తిండి ఊళ్లో దొరకదు, కొరియర్‌లో తెప్పించుకోవాలి. వానలు పడితే పార్సిళ్లు ఆలస్యమవుతాయని, ఎక్కువ కొంటే కిలో ధర తగ్గుతుందని జూన్‌లో ఒకేసారి ఐదు కిలోల తిమోతీ గడ్డి (ఆరబెట్టి అమ్మే మేత గడ్డి), పది కిలోల పెల్లెట్లు (పిండిని ఒత్తి చేసిన మేత గుళికలు) తెప్పించారు. గడ్డిని ప్లాస్టిక్ సంచిలోనే ఉంచి మూతి బిగించి కట్టారు. పెల్లెట్లను గోనెసంచిలోకి ఒంపారు. రెండింటినీ కొట్టుగదిలో, ఏడాదికి నిల్వచేసిన దాళ్వా బియ్యం బస్తాల పక్కన పెట్టారు.

జులై ఆఖరుకి గడ్డి ముక్కిన వాసన కొట్టింది. సంచి అడుగున బూడిదరంగు పొడి కనిపించింది. రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి మళ్లీ అదే పెట్టారు. కుందేలు గడ్డి మానేసింది. ఆకలితో ఉంటుందని పెల్లెట్లు పెంచారు. ఒకరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అది ఏమీ ముట్టలేదు, పెంటికలూ వెయ్యలేదు. టౌన్లో పశువైద్యుడు మందులిచ్చి నిలబెట్టి, ‘తిండి ఎలా నిల్వ పెడుతున్నారో చూసుకోండి’ అని చెప్పి పంపారు. ఈలోగా పెల్లెట్లకు పురుగు పట్టింది. అది బియ్యంలోకి పాకిందని అత్తగారు గదిలో మూలమూలకీ కలరా ఉండలు పెట్టి, గడ్డి సంచిలో కూడా నాలుగు పడేశారు. ‘మన మేటులో అంత ఎండుగడ్డి ఉండగా డబ్బు పోసి గడ్డి కొనడమేంటి’ అన్నది ఆవిడ మాట. ‘గొడవెందుకు, ఎవరికైనా ఇచ్చేద్దాం’ అన్నది భర్త మాట.

మిగిలిన తిండి పనికొస్తుందా, ఫ్రిజ్‌లో పెట్టాలా, వరిగడ్డి వెయ్యొచ్చా, ఇచ్చేయడమే మంచిదా అని ఈమె అడుగుతున్నారు. ‘నా చేతులారా దాన్ని చంపుకునేదాన్నేమో అని నిద్ర పట్టడం లేదండి’ అని ఉత్తరం ముగించారు.

సమాధానం

అమ్మా, ముందు ఆ ఆఖరి మాట గురించి. తినడం మానేసిన రోజునే మీరు దాన్ని బండెక్కించి టౌనుకి తీసుకెళ్లారు. కుందేలు పన్నెండు గంటలు తినకుండా, పెంటికలు వెయ్యకుండా ఉంటే పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది. రేపు చూద్దాంలే అనుకున్నవాళ్లే ఎక్కువగా దాన్ని పోగొట్టుకుంటారు. మీరు అలా అనుకోలేదు కాబట్టే అది ఇవాళ మీ వసారాలో ఉంది.

మిగిలిన తిండి సంగతి. ఆ గడ్డి పారేయండి. ఎండబెట్టిందీ, పెట్టనిదీ, పైకి బాగున్నట్టు కనిపించేదీ అంతా. మీరు చూసిన బూడిదరంగు పొడి బూజే. ఎండకు బూజు చావొచ్చు గాని అది గడ్డిలో వదిలిన విషం ఎండతో పోతుందని నమ్మడానికి లేదు. వేరుశనగల మీద, మొక్కజొన్న మీద పెరిగే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ పేరు మీరు వినే ఉంటారు. అది వంట వేడికి కూడా పూర్తిగా పోదు. ఆ విషానికి తొందరగా లొంగిపోయే జంతువుల్లో కుందేలు ముందు వరసలో ఉంటుంది. పైగా కుందేలు కక్కలేదు. లోపలికి పోయింది లోపలే ఉంటుంది. కలరా ఉండల వాసన పట్టిన గడ్డి అయితే ఇంకా ప్రమాదం. నాఫ్తలీన్‌ను ఎక్కువ మోతాదులో తినిపిస్తే కుందేళ్ల కళ్లలో శుక్లాలు వస్తాయని ప్రయోగశాలల్లో ఎప్పుడో తేలింది. గోనెసంచిలో తెరిచి ఉన్న పెల్లెట్లు కూడా ఆ గది గాలినే పీల్చాయి, పురుగూ పట్టింది. అవీ వదిలేయండి. డబ్బు పోతుంది, తెలుసు. ఇంకోసారి కుందేలు జబ్బుపడితే పోయేది అంతకంటే ఎక్కువ.

పారేయడంలో ఒక జాగ్రత్త ఉంది. ‘పోనీ గేదెకు వేసేద్దాం’ అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వెయ్యొద్దు. బూజు పట్టిన మేత తిన్న పశువు పాలలోకి ఆ విషం దిగుతుంది, ఆ పాలు మీ అబ్బాయే తాగుతాడు. గడ్డిని దులపకుండా, నీళ్లు చల్లి తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని సంచితో సహా తీసేయండి. పొడిగా దులిపితే ఆ బూడిదరంగు పొడి మీ ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

ఇంతకీ ఎందుకు పాడైంది? మీరు అశ్రద్ధ చేసి కాదు. గడ్డికి చేయాల్సింది పెల్లెట్లకు, పెల్లెట్లకు చేయాల్సింది గడ్డికి చేశారు. ఎండిన గడ్డిలో కూడా కొంత తేమ ఉంటుంది. మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో పగటి ఉక్కకు ఆ తేమ ఆవిరై పైకి లేస్తుంది. రాత్రి గోడ చల్లబడగానే సంచి లోపలివైపు చిన్నచిన్న నీటి బొట్లుగా పట్టి, జారి అడుగుకు చేరుతుంది. అందుకే బూడిదరంగు పొడి మీకు పైన కాక అడుగున కనిపించింది. బయట కాలవ, చెరువులు, ఆరని వాన, లోపల ఊపిరాడని సంచి. ఆ గడ్డి నెలన్నర ఆగడమే గొప్ప. పెల్లెట్లది ఇందుకు పూర్తిగా తిరగేసిన కథ. అవి పిండిని ఒత్తి చేసినవి, గాలిలో తడి ఉంటే పీల్చుకుంటాయి. గోనెసంచి కంతల్లోంచి తడీ వచ్చింది, పురుగూ వచ్చింది. సంచి అడుగున రాలిన పొడి ఉంటుంది చూడండి, పిండి పురుగుకు కావలసింది అదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు కిలోల కుందేలుకు పెల్లెట్లు కిలో బరువుకు రోజుకు 25 గ్రాముల చొప్పున, అంటే 50 గ్రాములు దాటకూడదు. పది కిలోలు కొంటే 200 రోజులు. ఆరున్నర నెలలు! సంచి విప్పాక రెండు మూడు నెలల్లోనే వాటిలో విటమిన్లు తగ్గిపోతూ వస్తాయి, నూనె కారు వాసన మొదలవుతుంది. పురుగు పట్టకపోయినా సంక్రాంతి నాటికి మీరు పెట్టేది పొట్టే. గడ్డి మాత్రం మీరు ఎక్కువేమీ కొనలేదు. తిన్నదీ తొక్కి పారేసిందీ కలిపి రోజుకు 80 నుంచి 100 గ్రాములు, నెలకు మూడు కిలోలు. అయిదు కిలోలంటే యాభై అరవై రోజుల తిండి. కిలో ధర తగ్గిందని కొన్నదాంట్లో సగం పారబోసినప్పుడు నిజానికి కిలోకు ఎంత పడిందో ఒకసారి మీరే వేసి చూడండి. ఇకమీదట జూన్ నుంచి నవంబరు దాకా పెల్లెట్లు ఒకటిన్నర, రెండు కిలోలకు మించి ఇంట్లో ఉంచకండి.

గడ్డికి మీ ముందు మూడు దారులున్నాయి.

కిలో పొట్లాలు తెప్పించుకోవడం మొదటిది. కొరియర్ ఖర్చు ఎక్కువ, పాడయ్యే భయం తక్కువ. అద్దె ఇల్లయినా, చోటు లేకపోయినా ఇదే నయం.

అయిదు కిలోలూ ఒకేసారి తెప్పించి సరిగ్గా దాచుకోవడం రెండోది. పార్సిల్ రాగానే ప్లాస్టిక్ విప్పేయండి. చెయ్యి మధ్యదాకా పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలినా, చల్లగా చెమ్మగా అనిపించినా ఫోటో తీసి వెనక్కి పంపండి. మంచి గడ్డి లేతాకుపచ్చగా, తీపి వాసనతో, పిడికిట్లో నలిపితే చిటపటమంటుంది. పాత నూలు దుప్పటితో కుట్టిన సంచిలోకో, పెద్ద దిండు గలేబుల్లోకో వదులుగా నింపండి, కుక్కొద్దు. నాలుగు ఇటుకల మీద చెక్క వేసి, నేల నుంచి జానెడు ఎత్తున, గోడకు బెత్తెడు ఎడంగా పెట్టండి. ఎండ నేరుగా పడితే పచ్చదనం పోతుంది, వాన జల్లు కొడితే మళ్లీ బూజు. అటక మీద పెట్టకండి, చూడ్డానికి పొడిగా ఉన్నా చూరు కారితే రెండు వారాల దాకా ఎవరికీ తెలియదు. పార్సిల్ అట్టపెట్టెలోనే ఉంచాలనుకుంటే నాలుగు వైపులా బొటనవేలు పట్టేన్ని కంతలు పెట్టండి. కాకపోతే అట్ట వానాకాలంలో చెమ్మ పీల్చుకుంటుంది, బొద్దింకలు చేరతాయి. గుడ్డ సంచే మేలు. వారానికోసారి అడుగుది పైకి, పైది అడుగుకి తిప్పండి. ఫ్రిజ్‌లో గడ్డి పెట్టొద్దు, అక్కడ చెమ్మ ఎక్కువ.

మూడోది మీ ఊళ్లో ఉన్నవాళ్లకే కుదిరే దారి: గరిక. వినాయకుడికి పెట్టే గరికే. కుందేలుకు పచ్చిదీ మంచిది, ఎండిందీ మంచిది. రోజూ గుప్పెడు పచ్చిది కోసి పెడితే కొన్న గడ్డి ఖర్చు తగ్గుతుంది. ఎక్కడ కోస్తారన్నదే అసలు విషయం. వరిచేల గట్ల మీద వద్దు, పురుగుమందు అక్కడిదాకా కొడుతుంది. చెరువు గట్ల మీదా, కుక్కలు తిరిగే రోడ్డు పక్కనా వద్దు. మీ పెరట్లో, కొబ్బరి చెట్ల కింద మందు కొట్టని చోట అయితే సరే. కోసిన పచ్చి గరికను కుప్పగా పెడితే గంటల్లో వేడెక్కి పులుస్తుంది, ఆ పూటకు ఆ పూటే కోయండి. కొత్తగా పెట్టేటప్పుడు చిటికెడుతో మొదలుపెట్టి పది రోజుల్లో గుప్పెడుకు రండి. ఎండబెట్టి దాచుకోవాలంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కోసి, నీడలో మంచం మీద పలచగా పరిచి, మూడు నాలుగు రోజులు రోజుకు రెండుసార్లు తిరగేయండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, ఆరేలోపే బూజు పడుతుంది. కోసినదాంట్లో వయ్యారిభామ ఆకు గాని, తలంబ్రాల చెట్టు ఆకు గాని కలవకుండా ఏరండి.

ఇక అత్తయ్యగారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్న, కసురుకోకుండా జవాబు చెప్పాల్సిందే. మన వైపు ఎండుగడ్డి అంటే వరిగడ్డే కదా, పేరు ఒకటే కావడంతో వచ్చిన తంటా ఇది. గింజ పండి కోసేశాక మిగిలిన కాడ వరిగడ్డి. సారమంతా గింజలోకి పోయి ఉంటుంది, మిగిలింది గట్టి పీచు, ఇసుకలాంటి సిలికా. నెమరు వేసే ఆవుకూ గేదెకూ దాంట్లోంచి బలం లాక్కునే కడుపు ఉంది, కుందేలుకు లేదు. తిమోతీ గడ్డిని కంకి ముదరకముందే ఆకుతో సహా కోసి ఆరబెడతారు. ఆ గడ్డి నమలడం వల్లే జీవితాంతం పెరిగే కుందేలు పళ్లు అరుగుతాయి, పేగు కదులుతుంది. మీరు గడ్డి మానేసిన కుందేలుకు జాలిపడి పెల్లెట్లు పెంచారు చూడండి, సమస్య ముదిరింది అక్కడే. పెల్లెట్లతో కడుపు నిండాక దానికి గడ్డి అవసరం అనిపించలేదు. వరిగడ్డిని తిండిగా వద్దు గాని, పడకగా వాడుకోవచ్చు. అదీ మేటు మధ్యలోంచి లాగిన పొడి గడ్డి అయితేనే, పురుగుమందు ఎక్కువ కొట్టని చేనుదైతేనే. ఆవిడ గడ్డి కూడా పనికొచ్చిందని తెలిస్తే ఇంట్లో సగం వేడి చల్లారుతుంది.

పెల్లెట్లకు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా కావాలి. జంతికల డబ్బాలాంటిది చాలు, రెండు కిలోలు పడుతుంది. పెల్లెట్లను డబ్బాలోకి ఒంపకండి, వాటి సంచితోనే డబ్బాలో దింపి సంచి మూతి మడిచి క్లిప్పు పెట్టండి. తయారీ తేదీ సంచి మీదే ఉంటుంది, అది మీ దగ్గర ఉండాలి. విప్పిన రోజును పెన్నుతో రాసుకోండి. కొత్తవి వచ్చినప్పుడు పాతవాటి మీద పోయొద్దు, డబ్బా కడిగి రోజంతా ఆరాకే. తడి చేత్తో తీయొద్దు, పొడి చెంచా ఒకటి డబ్బాలోనే ఉంచండి. పిల్లాడు కొలవడానికి యాభై గ్రాములు పట్టే గిన్నె ఒకటి వెతికి, గీత గీసి ఇవ్వండి.

పురుగు గుడ్లు కంపెనీ సంచిలోనే వచ్చి ఉంటాయన్న అనుమానం ఉంటే డీప్ ఫ్రీజర్ ఉపయోగపడుతుంది. మైనస్ 18 డిగ్రీల్లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలో అంత చల్లదనం నిలవకపోవచ్చు. బయటికి తీసిన వెంటనే మాత్రం సంచి విప్పకండి. చల్లటి పెల్లెట్ల మీద మన గాలిలోని తేమ క్షణాల్లో పడుతుంది, అప్పుడు పురుగు పోయి బూజు వస్తుంది. పూటంతా వదిలేసి, సంచి మామూలు వేడికి వచ్చాకే విప్పండి.

పురుగు ఎటు నుంచి ఎటు పాకిందన్న గొడవ తేలేది కాదు. ముక్కు పురుగు అయితే బియ్యంలో పుట్టి పెల్లెట్లకు వచ్చి ఉండొచ్చు, ఎర్రటి చదునైన పిండి పురుగు అయితే పెల్లెట్ల పొడిలోంచి బియ్యానికి పోయి ఉండొచ్చు. రెండింటికీ రెండిళ్లూ ఇష్టమే. ఆవిడ భయం ఏడాది బియ్యం గురించి. అందులో తప్పేముంది? కుందేలు సామాను కొట్టుగదిలోంచి పూర్తిగా తీసేయండి. గుడ్డ సంచి, డబ్బా, పాత పేపర్ల కట్ట, పడక గడ్డి, అన్నీ వసారాలో వాన జల్లు తగలని మూల ఒక బల్ల మీద సర్దండి. బల్ల కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు, దోమలు గుడ్లు పెట్టకుండా రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. చీమల చాక్‌పీసు గీతలు మాత్రం కుందేలు తిరిగే చోట గీయొద్దు, అది నేల నాకుతుంది, కాళ్లు నాక్కుంటుంది. బియ్యంలో కలిపే బోరిక్ పౌడరు కూడా కుందేలు తిండి దరిదాపులకు రానివ్వకండి. బియ్యం దాకా అయితే ఎండిన వేపాకు వేసుకుని, కలరా ఉండలు మానేయమని అత్తయ్యగారికి చెప్పండి. ఆ ఉండలు మనుషులు తినే తిండికీ మంచివి కావు.

ఎలుకలు ఉంటే బోనే పెట్టండి. ఎలుకల మందు బిళ్లలు గింజలతో, పిండితో చేస్తారు కాబట్టి కుందేలు వాటిని ఇష్టంగా తింటుంది. ఎలుక తిరిగిన గడ్డిని దులిపి వాడొద్దు. దాని మూత్రంతో వచ్చే ఎలుకజ్వరం మీకూ సోకుతుంది.

ఆకుకూరల గురించి రెండే మాటలు. కొత్తిమీర, పుదీనా కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరాక పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటాయి. పాలకూర, తోటకూర ఎప్పుడైనా కొంచెం. జిగురు పట్టిన ఆకు ఒక్కటి ఉన్నా కట్టంతా తీసేయండి.

ఇదంతా కాకుండా కుందేలు కోసం ఒక చిన్న డబ్బా విడిగా ఉంచండి. సూది లేని సిరంజీలు రెండు, 1 మిల్లీలీటరుదీ 10 మిల్లీలీటర్లదీ. డాక్టరు చెప్పిన రికవరీ ఫీడ్ (తినడం మానేసిన కుందేలుకు సిరంజీతో పట్టే మేత) పొడి పొట్లం ఒకటి, గడువు తేదీ చూసి. మెత్తటి తువ్వాలు. వంటింటి తూకం కూడా వారానికోసారి వాడండి, వంద గ్రాములు తగ్గినా ఆ తూకమే ముందు చెబుతుంది. ఆ డబ్బాలో ఉండకూడనివి కూడా చెప్పాలి. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ గొట్టాలు కుందేలు నోట్లో వేస్తే పేగులోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం పోతుంది. కుక్కల గోమార్లకు వేసే ఫిప్రోనిల్ చుక్కలూ కుందేలు ప్రాణం తీయొచ్చు. తెలిసినవాళ్లు ఎంత ధైర్యం చెప్పినా ఈ రెండూ వద్దు. మీ డాక్టరు ఇంకా పెద్దచోట చూపించమంటే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది.

వరద సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1996 నవంబరు తుపాను మీ అత్తయ్యగారికి గుర్తుండే ఉంటుంది, 2022 జులైలో లంకలు మునిగింది మీకూ గుర్తుంటుంది. దారులు మూసుకుపోతే పార్సిల్ రాదు. కాబట్టి రోజువారీ గడ్డి కాకుండా ఇంకో కిలో ఎప్పుడూ చేతిలో ఉండాలి, పదిరోజుల తిండి అది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున ఆ సంచిని ప్లాస్టిక్‌లో చుట్టి పైకి చేర్చండి, గాలివాన తగ్గగానే విప్పేయండి. రెండు మూడు రోజులకు ప్లాస్టిక్ ఏమీ చెయ్యదు. ఆ కిలోను కూడా ప్రతి నెలా వాడేసి కొత్తది పెట్టండి.

ఇచ్చేయడం గురించి మీవారి మాట కోపంతో అన్నది కాకపోవచ్చు, ఇంట్లో గొడవ చూడలేక అని ఉంటారు. ఆయనకు పైన చెప్పిన లెక్క చూపించండి: నెలకు మూడు కిలోల గడ్డి, కిలోన్నర పెల్లెట్లు, పది నిమిషాల పని. అది మీకు మోయలేని బరువైతే ఇచ్చేయడంలో తప్పు లేదు. ఇస్తే మాత్రం కుందేళ్లు పెంచడం తెలిసినవాళ్లకు, అలవాటైన తిండి పదిరోజులకు సరిపడా కట్టి ఇవ్వండి. తిండి ఒక్కసారిగా మారితే మళ్లీ పేగు మొరాయిస్తుంది. కొబ్బరితోటలో వదిలేస్తే స్వేచ్ఛగా బతుకుతుందని ఎవరైనా అంటే వినకండి. పెంపుడు కుందేలు కుక్కలకూ ముంగిసలకూ రెండు రాత్రులు కూడా ఆగదు. ఉంచుకుంటే ఆ బల్ల పని మీ అబ్బాయికి అప్పజెప్పండి, అత్తయ్యగారి ఎదుటే. గడ్డి తిప్పడం ఆదివారం, తూకం ఆదివారం, పెల్లెట్లు కొలవడం రోజూ.

కొత్త గడ్డి వచ్చేదాకా ఈ నాలుగైదు రోజులు ఏం పెట్టాలన్నది మిగిలింది. టౌన్లో పెంపుడు జంతువుల దుకాణంలో ఏ గడ్డి పొట్లం దొరికినా ముందు అది తెచ్చుకోండి. లూసర్న్ (అల్ఫాల్ఫా అని కూడా అంటారు) ఒక్కటే దొరికితే వారం రోజులకు ఫరవాలేదు, ఎదిగిన కుందేలుకు ఎక్కువకాలం పెడితే అందులోని సున్నం (కాల్షియం) మూత్రంలో పేరుకుంటుంది. దాంతోపాటు చిటికెడు గరిక మొదలుపెట్టండి. పెల్లెట్లు కూడా కొత్త పొట్లమే, చిన్నది తెచ్చి, ఇప్పుడు పెడుతున్న కొలత నుంచి వారం పది రోజుల్లో మెల్లగా 50 గ్రాములకు దించండి. పొద్దున్నే ట్రే కింద పేపరు తీసేటప్పుడు పెంటికలు చూడండి: శనగగింజంత, గుండ్రంగా, నలిపితే గడ్డిపీచు కనిపించాలి. చిన్నవై, నల్లబడి, తక్కువైతే ఆ రోజు సాయంత్రం దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి బయల్దేరండి.